అడివిదోవ సైకిలు

సైకిలు వెనక కూర్చున్న ఆడదానికి మొగుడి వీపు తప్ప ఇంకేమీ కనిపించదు. పక్కలకు చూడొచ్చు, మెడ తిప్పి వెనక్కి చూడొచ్చు, పోబోయే దోవ మాత్రం ఆ వీపు చాటునే ఉంటుంది. ఇవాళ అమావాస్య, మా పట్టపుపాలెంలో వేటకు ఎవరూ పోలేదు, చేపలు లేవు, అందుకని రోజూ గంప కట్టే చోట నన్ను కూర్చోబెట్టుకుని తొక్కుతున్నాడు మా ఆయన, బుచ్చిరెడ్డిపాలెంలో పళ్లు పీకే ఆయన దగ్గరికి. నా దవడ కింద నుంచి నెత్తి మీదికి పాత చీర పేలిక కట్టి ఉంది, బుగ్గలో లవంగం ఉంది, నొప్పి మాత్రం లేదు. అన్నం మానేసి, రాత్రంతా మూలిగి సంపాదించుకున్న ప్రయాణం ఇది. కాబట్టి నోరు విప్పకూడదు. విప్పితే పన్ను నొప్పి ఉన్న మనిషి ఇంత మాట్లాడుతుందా అనుకుంటాడు, పైకి అనడు, ఆయన అనుకునేవన్నీ ఆ వీపులోనే ఉండిపోతాయి. చొక్కా చెమటకు అంటుకుని వెన్నుపూస కనిపిస్తోంది. చిక్కాడు. సైకిలు తొక్కే మనిషి చిక్కుతాడు, నిజమే. మనసులో ఇంకో మనిషిని పెట్టుకున్నవాడు కూడా చిక్కుతాడు.

ఊరు దాటిన చోట దోవ రెండుగా చీలుతుంది. ఎడమకు పోతే పెన్న కట్ట, కట్ట మీద కాసేపు తొక్కితే రేవు, రేవులో రమణయ్య పడవ, సైకిలును పడవలోకి ఎత్తి ఏరు దాటామంటే అవతలి కట్ట మీద నేరుగా బుచ్చి. కుడికి పోతే సరుగుడు తోపులు, వాటి వెనక అడివి, ఇసక, తాటిచెట్లు, అదంతా ఈదుకుంటూ పోయి కంకరరోడ్డు ఎక్కి, నెల్లూరు దాకా తొక్కి, అక్కడ వారధి మీద పెన్న దాటాలి. బుద్ధున్న వాడెవడూ చేపల గంప పెట్టుకుని కుడికి పోడు. ఈయన పోతున్నాడు, ఏడాదిగా పోతున్నాడు. ఇవాళ నేను వెనక ఉన్నాను కదా, గంపలో చేపను కాదు కదా, నాకు కళ్లున్నాయి కదా, ఇవాళైనా ఎడమకు తిప్పుతాడేమో చూద్దామనుకున్నాను. చీలిక దగ్గర ఊపిరి బిగబట్టాను. తొక్కుడు కూడా తగ్గించలేదు, మేత నుంచి కొట్టానికి పోయే ఎద్దు తిరిగినట్టు సైకిలు తనంతట తానే కుడికి తిరిగింది. సరే తిప్పు, ఎంత దూరం తిప్పుతావో నేనూ చూస్తాను అనుకుని చీర కుచ్చెళ్లు చక్రంలో పడకుండా దగ్గరికి లాక్కున్నాను.

అడగొచ్చు కదా అంటారు తెలియని వాళ్లు. ఎట్లా అడుగుతారు? గంప కట్టుకుని బయల్దేరిన మనిషిని యాడికి అని అడగకూడదు మాలో. తెప్ప దించే వాడినీ అడగకూడదు, వల భుజాన వేసుకున్న వాడినీ అడగకూడదు, చేపలు అమ్మబోయే వాడినీ అడగకూడదు. అడిగితే పోయిన పని చెడుతుంది, ఒక్కోసారి పోయిన మనిషే రాడు. మా అమ్మ మా నాన్నను ఒక్కసారి కూడా అడగలేదు, ఆయన సారా కొట్టుకు పోతున్నాడని తెలిసిన రోజు కూడా అడగలేదు. మొగవాళ్లకు ఇంతకంటే సుఖమైన ఆచారం ఇంకోటి ఉందా? ఇంటికొచ్చాక అడగొచ్చు, తప్పు లేదు, కానీ ఇంటికొచ్చిన మనిషి అన్నం తిని గోడ వైపు తిరిగి పడుకుంటాడు, గోడతో మాట్లాడేది ఎవరు? అందుకని ఏడాదిగా నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. రేపు మా అన్న గంగులయ్య వస్తాడు, కులపెద్దలను కూర్చోబెడతాడు, వాళ్లు అడుగుతారు. అన్నకు కబురు పెట్టింది నేనే. అడివిదోవలో ఆడమనిషి ఉందని ఇవాళ నా కళ్లతో చూశానంటే రేపు పెద్దల ముందర తాళి సంగతి తేల్చుకుని అన్న వెంట పుట్టింటికి పోతాను, లేదంటే అన్నను అటే పంపించేస్తాను. నిన్న మొన్నటి కాపురమా ఇది, మాటలతో తెంచుకోవడానికి. చూడాలి, చూసే తెంచుకోవాలి.

సైకిలు కడిగేది నేనే. చేపల నీళ్లు కారి ఇనుము తుప్పు పడుతుందని రోజూ సాయంత్రం ఆయన రాగానే పెరట్లో పెట్టి కడుగుతాను. మనిషి నోరు విప్పకపోయినా చక్రాలు విప్పుతాయి. కట్ట మీద నుంచి వచ్చిన సైకిలుకు నల్లమట్టి అంటుకుని ఉంటుంది, పొలాల మట్టి, ఎండితే పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. ఈ సైకిలుకు ఆ మట్టి ఏనాడూ లేదు. తెల్ల ఇసక, గొలుసులో సరుగుడు ఆకు, సన్నగా పుల్లల్లా ఉండే ఆకు, పళ్ల చక్రంలో ఇరుక్కుని దారాలు దారాలుగా వస్తుంది. మొదట్లో రేవులో నీళ్లు ఎక్కువగా ఉన్నాయేమో అనుకున్నాను. ఎండాకాలం వచ్చింది, ఏరు పాయలు పాయలుగా చీలిపోయి రేవు దగ్గర నడుము లోతు కూడా లేదు, అప్పుడూ ఆకే. బుచ్చి నుంచి అమ్ముడుపోని మాగ రకం చేపలు మెత్తబడి తిరిగొచ్చేవి, ఎండకు చుట్టు తిరిగితే మెత్తబడవా మరి. మనిషి తీరు కూడా మారింది. సముద్రంలో మునగనిదే ఒళ్లు కడుక్కున్నట్టే కాదనేవాడు పెరట్లో చెంబుతో పోసుకోవడం మొదలుపెట్టాడు, అదీ తల తడవకుండా, పిల్లికి పోసినట్టు. ఎవరి వాసన కడుక్కుంటున్నాడు అనుకున్నాను. ఒడ్డున చేపల వేలంలో పాట పాడడానికి నన్నే పంపుతాడు, తాను ఇంటి దగ్గర గంప సర్దుకుంటానంటాడు. పెళ్లాన్ని ఒడ్డుకు తోలి అద్దం ముందర తల దువ్వుకుంటున్నాడేమో అని ఒకరోజు సగం దారిలో వెనక్కి వచ్చి తొంగి చూశాను. గంపకు తాటాకు అల్లుతున్నాడు. నేను వస్తానని కనిపెట్టి అల్లుతున్నాడనుకున్నాను.

అప్పుడొచ్చింది పక్కింటి చెంచమ్మ. "మీ ఆయన సైకిలు సరుగుడు తోపుల్లో ఎలిశబెతు అంగడి ముందర నిలబెట్టి ఉండాది అంకాలమ్మక్కా, మా ఆయన చూసినాడు. నాకెందుకులే గానీ." నాకెందుకులే గానీ అన్న మనిషి ఆ మాట మీద ఊరుకున్నట్టు నేను ఎక్కడా చూడలేదు. ఎలిశబెతు అక్కడ పాక వేసుకుని కట్టెలు కొట్టే వాళ్లకు టీ కాచి పోస్తుందని, మొగుడు లేడని, పక్క ఊళ్లో కిరస్తానీ గుడికి పోతుందని, మనిషి ఎర్రగా ఉంటుందని ఇంకా చాలా చెప్పింది. ఎర్రగా ఉంటుందన్న దగ్గర కొంచెం ఆగి నా మొహం చూసింది. నేను చేపలు తోముతూనే ఉన్నాను. ఆ రోజు తోమిన చేపలకు పొలుసే కాదు తోలు కూడా లేచిపోయింది.

తోపులోకి వచ్చేశాం. ఎండ పోయింది, గాలి మాత్రం పైన ఎక్కడో ఆకుల్లో తిరుగుతోంది, సరుగుడు చెట్ల గాలి సముద్రం హోరులాగే ఉంటుంది, కళ్లు మూసుకుంటే ఒడ్డున కూర్చున్నట్టే ఉంటుంది. కింద ఆకు రాలి మెత్తగా పరుచుకుంది, చక్రం చప్పుడు లేకుండా పోతోంది. చప్పుడు లేని దోవ, మనుషులు లేని దోవ, ఇంతకంటే ఏం కావాలి దొంగపనికి. ఇసక ఎక్కువైన చోట దిగి తోస్తున్నాడు, నేనూ దిగి వెనక నడుస్తున్నాను, మళ్లీ ఎక్కుతున్నాను. తోపుల వెనక అసలు అడివి మొదలైంది, బలుసు, కలివి, పాలచెట్లు అల్లుకుపోయి ఉన్నాయి. పెళ్లయిన కొత్తలో పాలపండ్ల కోసం ఇక్కడికే తీసుకొచ్చాడు నన్ను, అప్పుడు సైకిలు లేదు, నడిచే వచ్చాం, పండ్లు తిని పెదవులు అతుక్కుపోయి ఇద్దరం మాట్లాడలేక నవ్వుకున్నాం. ఆయన తమ్ముడు చిన్నపోలయ్య కూడా వచ్చాడు వెంట, వదినా వదినా అంటూ చెట్టెక్కి కొమ్మలు ఊపాడు. కొత్త దంపతుల వెనక తోకలాగా ఎందుకురా అని మా అత్త తిట్టినా వినలేదు. అన్నదమ్ములిద్దరూ ఒక్క తెప్ప మీదే పోయేవాళ్లు, ఒకే కంచంలో తినేవాళ్లు.

పోయినేడు కార్తీకంలో గాలివాన వచ్చినప్పుడు ఆ తెప్ప ఏటిమొగ దగ్గర తిరగబడింది. ఏటినీళ్లు సముద్రంలోకి తోస్తుంటాయి, సముద్రం ఏటిలోకి తోస్తుంటుంది, ఆ రెంటి మధ్య పడితే ఎంత ఈతగాడైనా అంతే. ఈయన ఒక్కడే వచ్చాడు. ఒడ్డున కూర్చుని చెయ్యి జారిందే అన్నాడు, ఒక్కసారే అన్నాడు, మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు. కర్మలు అయిపోగానే తెప్ప మానులు అమ్మేసి సైకిలు కొన్నాడు. ఊళ్లో వాళ్లు ముక్కున వేలేసుకున్నారు. మాలో చావు లేని ఇల్లు లేదు, అందరూ పోయిన నీళ్లలోకే మళ్లీ పోతారు, మా నాన్న తన అన్న శవం దొరకక ముందే తెప్ప దించాడు, దించకపోతే తినేదేమిటి. గంగమ్మ కడుపున పుట్టినోళ్లం, అమ్మ కొట్టిందని అమ్మను వదిలేస్తామా అంటారు మా పెద్దలు. ఈయన మాత్రం, చేపలు పట్టేవాడి కంటే అమ్మేవాడే బాగుపడతాడు, సైకిలు వ్యాపారమే మేలు అన్నాడు. తెలివైన మాటే, నేనూ ఒప్పుకున్నాను. ఇప్పుడు తొక్కుతున్న ఈ దోవ చూస్తే ఆ తెలివి వెనక ఎంత తెలివి ఉందో అనిపిస్తోంది. సైకిలు లేకపోతే ఈ అడివికి రావడం ఎట్లా కుదిరేది?

దూరంగా పొగ. పాక. అంగడి దగ్గర పడుతుంటే గంట కొడతాడేమో అని చూశాను. కొట్టలేదు. కొట్టి ఉంటే నేను వస్తున్నాను అని సైగ చేశాడనుకునేదాన్ని, కొట్టలేదు కాబట్టి నేను వెనక ఉన్నానని జాగ్రత్త పడ్డాడనుకున్నాను. పాక ముందు సైకిలు ఆగింది. "వేడి టీ తాగు, పన్నుకు మంచిది," అన్నాడు. పన్నుకట, ఎవరి పన్నుకో. ఎలిశబెతు బయటికొచ్చింది. చెంచమ్మ చెప్పిన ఎరుపు ఎక్కడా లేదు, పొయ్యి దగ్గర మాడిన మనిషి, తెల్ల చీర, వెంట్రుకలు చెవుల దగ్గర నెరిశాయి, నాకంటే బాగా పెద్దది. అది చూసి నెమ్మదించాలి కదా మనసు, నెమ్మదించలేదు, పెద్దదైతే మాత్రం మొగవాళ్ల సంగతి మనకు తెలియదా అంది. "రా అబ్బయ్యా," అంది ఆయన్ను. కొడుకును పిలిచినట్టు అబ్బయ్యా అనడం కూడా ఒక ఎత్తే. ఆయన అడగకుండానే బెల్లం టీ తెచ్చి చేతికిచ్చింది. చక్కెర వేయలేదు. మా ఆయన బెల్లం టీ తాగుతాడని ఈమెకెట్లా తెలుసు, తెలియకుండా ఎట్లా ఉంటుంది, రోజూ తాగేవాడికి. ఆయన టీ తాగేసి గాలి తగ్గిందని పంపు తీసుకుని సైకిలు దగ్గరికి పోయాడు. ఆమె గోరువెచ్చటి ఉప్పునీళ్లు తెచ్చి నా పక్కన కూర్చుంది.

"ఏ పక్క పన్నమ్మా?"

ఎడమ పక్క చూపించాను. చూపించాక గుర్తొచ్చింది, లవంగం కుడి బుగ్గలో ఉంది. ఆమె నా బుగ్గ వైపు చూసి ఉప్పునీళ్ల చెంబు కింద పెట్టేసింది.

"నీ పన్ను బాగానే ఉండాది. నన్ను చూసే దానికి వచ్చినావు. చూడు, బాగా చూడు," అంది. గట్టిగా అనలేదు, సైకిలు దగ్గర ఉన్న ఆయనకు వినపడకుండా అంది. "మీ ఊరి మాటలు మా ఊరికీ వస్తాయమ్మా. నెలలుగా మా సంఘంలో నన్ను ప్రభువు బల్లకు పిలవడం ల్యా. అందరూ లేచి పొయ్యి రొట్టె తీసుకుంటారు, నేను ఎనక బెంచీలో కూసోని ఉంటాను. మా ఆయన పోయినప్పుడు గూడా నేను అంత ఏడవలేదు. మీ ఆయనకు పోసిన టీకి ఇంత జరిగింది."

"మరి ఈ దోవన ఎందుకు వస్తాడు?" అన్నాను. పన్ను నొప్పి మరిచిపోయి మామూలు గొంతుతోనే అన్నాను.

"నాకు దెలుసు. నేను జెప్పను. ఆయన నోట చెప్పించుకో. ఇట్టా పోతే అడ్డదోవలో రేవు వస్తాది, ఏటికాడికి తీసకపొయ్యి ఆడ అడుగు."

చూడండి ఎంత తెలివో. తన పాక దగ్గర నుంచి మమ్మల్ని ఏటి దగ్గరికి తోలేస్తోంది. ఇక్కడే ఉంటే ఏం కనిపిస్తుందని? పాకలో తొంగి చూశాను, చాప, బైబులు, దేవుడి వాక్యం రాసిన పటం, కట్టెలు, మొగవాడి గుడ్డ ఒక్కటి లేదు. లేకపోతే దాచి ఉండొచ్చు. కానీ ఆ బెంచీ మాట చెప్పేటప్పుడు ఆమె మెడలో నరం కదిలింది, అది నాటకం కాదు, నాటకం ఎట్లా ఉంటుందో రాత్రంతా మూలిగిన నాకు తెలుసు. పిలవని పెళ్లి ముందర నిలబడ్డట్టు ఉంటుంది కాబోలు అట్లా వెనక కూర్చోవడం. అయ్యో అనిపించింది, అనిపించినందుకు నా మీద నాకే కోపం వచ్చింది, మొగుణ్ణి ఎగరేసుకుపోతున్నదేమో అని చూడబోయి ఆమె మీదే జాలేమిటి. లేచి ఆయన దగ్గరికి పోయి, "ఈ ఇసకలో కుదుపుకు పన్ను సలపరిస్తా ఉండాది. రేవుదోవన పోదాం. పడవలో కుదుపుండదు," అన్నాను.

ఆయన పంపు తీసి సైకిలుకు తగిలించాడు. తగిలించడానికి చాలాసేపు పట్టింది. "రేవా?" అన్నాడు.

"ఏం, రేవులో పడవ లేదా?"

ఎలిశబెతు వైపు ఒకసారి చూశాడు, ఆమె మొహం పక్కకు తిప్పుకుంది, ఆ చూపు నేను పట్టుకున్నాను. ఇద్దరికీ తెలిసిన సంగతి ఒకటుంది, అది నాకు తెలియదు, ఇక ఏం కావాలి సాక్ష్యం? అడ్డదోవలో సైకిలు నడుస్తోంది. వేడుకగా ఉందీ దోవ, మనసు బాగుంటే చూడాల్సింది. పొదలు పలచబడ్డాయి, తాటిచెట్లు వచ్చాయి, తాటిచెట్ల సందుల్లో నుంచి కోతకొచ్చిన వరి, వరి మీద కొంగలు, ఎదురుగా పెన్న కట్ట ఎత్తుగా పచ్చగా. కట్ట ఎక్కేటప్పుడు ఇద్దరం దిగాం. పైకెక్కగానే ఏరంతా ఒక్కసారి కనిపించింది, వానాకాలం నీళ్లు ఇంకా తగ్గలేదు, ఎర్రగా, వెడల్పుగా, ఒడ్డు నుంచి ఒడ్డు దాకా మెల్లగా పోతున్నాయి. మళ్లీ ఎక్కి కూర్చున్నాను. ఆయన తొక్కుడు మారింది, నున్నటి కట్ట మీద గాలికి పోవాల్సిన సైకిలు ఇసకలో కంటే నెమ్మదిగా పోతోంది. అక్కడ వదిలి వచ్చిన మనిషి కోసం కాళ్లు లాగుతున్నాయి కాబోలు. వీపు నిలువునా తడిసింది, ఎండ లేదు, మబ్బుగా ఉంది, ఇంత చెమట ఎందుకు? తప్పు చేసిన వాడికి చెమట పడుతుంది. రేవులో అడిగెయ్యాలి, అందరి ముందరా అడిగెయ్యాలి, యాడికి అని అడగకూడదు కానీ ఎవరి దగ్గరికి అని అడగొచ్చు, ఆ ఆచారం ఏమీ లేదు.

రేవులో పడవ సిద్ధంగా ఉంది. మేకలతో ఒకాయన, పాలబిందెతో ఒకామె, నలుగురైదుగురు రైతులు ఎక్కి కూర్చున్నారు. రమణయ్య గెడ పట్టుకుని నిలబడి మమ్మల్ని చూసి పకపకా నవ్వాడు. "ఏం ముత్యాలయ్యా, ఏడాదికి గుర్తొచ్చిందా మా రేవు? అడివిలో ఏం పెట్టినావని అందరూ అడగతా ఉంటే తెలవదని చెప్పలేక చస్తా ఉండాను." పడవలో వాళ్లూ నవ్వారు, అందరికీ తెలుసన్నమాట, ఊరూ ఏరూ అంతా తెలిసి నాకే ఆఖరున తెలుస్తోందన్నమాట. సైకిలు దిగాను. పడవ ఒడ్డుకు కొంచెం ఎడంగా ఉంది, పిక్కల దాకా నీళ్లలో నడిచి సైకిలు అందించాలి. నేను నీళ్లలోకి దిగి వెనక్కి తిరిగాను. కట్ట ఎక్కినప్పటి నుంచి వీపు తప్ప చూడని దాన్ని, అప్పుడు చూశాను ఆయన మొహం.

ముందు చక్రం నీళ్లలో ఉంది, ఆయన ఒడ్డున ఉన్నాడు. హ్యాండిలు పట్టుకుని బ్రేకులు రెండూ బిగించి పట్టాడు. కదలని సైకిలుకు బ్రేకులెందుకు. వేళ్లు తెల్లబడ్డాయి. పెదవులు కదులుతున్నాయి. కళ్లు నీళ్ల మీద ఉన్నాయి, నా మీద కాదు, పడవ మీద కాదు, చక్రం చువ్వల మధ్య తిరుగుతున్న ఎర్రటి నీళ్ల మీద. కుడి పాదం ముందుకు వేశాడు, బొటనవేలు తడవగానే నిప్పు తగిలినట్టు లాక్కున్నాడు. ఇదేం మొహం, ఈ మొహం నేను ఎక్కడ చూశాను. ఒడ్డున చెయ్యి జారిందే అన్నప్పుడు చూశాను. అప్పుడు తమ్ముడి కోసం అనుకున్నాను. నీళ్లు, ఈయనకు నీళ్లంటే భయం. సముద్రం మనిషికి, పట్టపు బిడ్డకు, పుట్టిన నాటి నుంచి నీళ్లలో పొర్లిన వాడికి. ఎట్లా తడుతుంది నాకు, నాకే కాదు మా వాళ్లలో ఎవరికైనా ఎట్లా తడుతుంది? అడివిదోవన పోతే ఆడది అనుకుంటాం, సారా అనుకుంటాం, దొంగసొత్తు అనుకుంటాం. పెరట్లో చెంబునీళ్లు, తల తడవకపోవడం, ఒడ్డుకు నన్ను పంపడం, అన్నీ నా కళ్ల ముందరే జరిగాయి, ఒక్కటీ నేను చూడలేదు. రోజూ సముద్రం హోరు వింటూ ఆ ఇంట్లో ఎట్లా పడుకున్నాడు? గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"ఏందబ్బా, దిగవా?" అన్నాడు రమణయ్య. "నీళ్లంటే భయమా ఏంది?"

పడవంతా నవ్వింది. పాలబిందె ఆమె మరీ విరగబడి నవ్వింది. ఎందుకంటే అది అయ్యే పని కాదు కదా, చేపకు నీళ్లంటే భయమా అని అడిగినట్టే కదా. ఇంకో క్షణం ఆయన అట్లాగే నిలబడితే ఆ నవ్వు ఆగిపోతుంది. ఆగిపోయి ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆ తర్వాత మా పాలెంలో ఈయన బతుకు నాకు తెలుసు. ఇంకో ఆడదాన్ని పెట్టుకున్న వాడిని పెద్దలు తిడతారు, జరిమానా వేస్తారు, మళ్లీ పక్కన కూర్చోబెట్టుకుంటారు. నీళ్లకు భయపడిన వాడికి ఏ శిక్షా లేదు, అటువంటి వాడు ఉంటాడని ఎవరూ అనుకోలేదు కాబట్టి. పిల్లలు వెనకబడి చెంబుతో నీళ్లు చల్లి పారిపోతారు. ఏదో ఒకటి అనాలి. నోటి దాకా వచ్చిన మాట ఒకటి ఉంది, అందరూ సగం నమ్మిన మాట, ఆ అంగడి మనిషిని వదిలి రాలేక నిలబడ్డాడు మా ఆయన, కాళ్లు రావడం లేదు అంటే చాలు, నవ్వు ఇంకోవైపు మళ్లిపోతుంది. ఆ మాట నాలుక మీదికి వచ్చింది, వెనక బెంచీలో కూర్చున్న మనిషి కనిపించింది. ఆమెకు తెలుసు, మొదటి నుంచీ తెలుసు. ఒక్క మాట బయట పెడితే ఆమె పేరు తెల్లబడేది, బల్ల దగ్గరికి పిలిచేవాళ్లు, చెప్పలేదు. పరాయి మొగవాడి పరువు కోసం అంత మోసిన మనిషి నెత్తిన ఇంకో మూట పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు.

"ఆయన్నెందుకు నవ్వతారు, ఒట్టేయించుకున్నది నేను," అన్నాను. ఇంత గట్టిగా మాట్లాడగలనని నాకే తెలియదు. "మా మరిది పొయినాక గంగమ్మ గుళ్లో కర్పూరం ఆర్పించినాను. నా తాళి తెగిన నాడు దిగు, అందాకా ఏటిలో గానీ సముద్రంలో గానీ కాలు పెట్టొద్దని. ఆయన మాట మీద నిలబడ్డాడు. పన్ను నొప్పికి ఓర్చుకోలేక నేనే ఇట్టా తీసకొచ్చినాను, ఒట్టు తప్పించబొయినాను. తప్పు నాది."

నవ్వు ఆగింది. కర్పూరం ఆర్పిన ఒట్టు అంటే మా వైపు ఎవరూ నవ్వరు. రైతుల్లో ఒకాయన తలపాగా సర్దుకున్నాడు. రమణయ్య గెడ నీళ్లలో నాటి, "సముద్రం మనిషిని కొంగుకు కట్టేసినావే తల్లీ," అన్నాడు, మెచ్చుకున్నాడో తిట్టాడో తెలియదు. సాయంత్రానికి ఈ మాట పాలెం చేరుతుంది. మొగుణ్ణి తెప్ప మీద నుంచి దించి సైకిలెక్కించిన ఆడది అంటారు నన్ను, ఒడ్డున చేపల పాటలో నా ఎదురుగానే అంటారు. రేపు అన్నకూ పెద్దలకూ ఇదే చెప్పాలి. పెద్దలు గంగమ్మ గుడికి రమ్మంటారేమో, అక్కడ నిలబడి మళ్లీ చెప్పాలి. వేయని ఒట్టును ఆ తల్లి పేరున వేయించానన్నాను, ఆ తల్లి నీళ్లలోనే కాళ్లు పెట్టి అన్నాను. పిక్కల చుట్టూ నీళ్లు చల్లగా తిరుగుతున్నాయి. నాకు భయం వేసింది, మా అమ్మ మీద ఆన, నిజంగా వేసింది. వినే ఉంటుంది. వింటే విననీ, ఒక బిడ్డను తీసుకుంది కదా, ఈ ఒక్క అబద్ధం భరించలేదా.

పడవ కదిలిపోయింది. ఆయన సైకిలును వెనక్కి లాగి కట్ట మీదికి తోశాడు, నేను వెనక ఒక చెయ్యి వేసి తోశాను. పైకెక్కాక నా మొహం చూడలేదు. సీటెక్కి, ఒక కాలు నేలమీద ఆనించి, నేను కూర్చునే దాకా ఆగాడు. కూర్చున్నాను. చక్రాలు కదలలేదు.

"ఎప్పుడేసినాను ఆ ఒట్టు?" అన్నాడు ముందుకు చూస్తూనే.

"ఇప్పుడే," అన్నాను. "తొక్కు."